మోజణీ అయింది సరే, రాయి ఎవరు పాతాలి?

సంపాదకుల గారికి నమస్కారం.

గెట్టు పంచాయితీలో తలలు పగిలినప్పుడు మీ పత్రికలో వార్త వస్తుంది. ఫలానా ఊళ్లో దాయాదుల మధ్య గొడవ, ఇద్దరికి గాయాలు, కేసు నమోదు అని నాలుగు లైన్లు. ఆ గొడవకు ముందు ఏళ్ల తరబడి ఆ గెట్టు మీద ఏం జరిగిందో మాత్రం ఎక్కడా రాదు. ఈ ఉత్తరం దాని గురించే. కొంచెం పొడుగైంది, అయినా కత్తిరించకుండా వేయమని కోరుతున్నాను, ఎందుకంటే ఇందులో సగానికి పైగా మా వైపు రైతులకు నేరుగా పనికొచ్చే సంగతులే.

నేను మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా రైతును. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాలు తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉంటాయని మీకు తెలుసు. ఈ ఊళ్లలో చాలామందిమి ఇంట్లో తెలుగే మాట్లాడతాం, ఆఫీసుకు పోతే మరాఠీ. మహారాష్ట్ర ప్రభుత్వం 2007లో మహాత్మా గాంధీ పేరు మీద తంటాముక్త్ గావ్, అంటే తగాదాలు లేని ఊరు, అనే పథకం మొదలుపెట్టి ఊరూరా సమితులు వేయించింది. మా ఊరి సమితిలో నేనూ కొన్నేళ్లు కూర్చున్నాను. మా ముందుకు వచ్చిన తగాదాల్లో ఎక్కువ భాగం గెట్టువి, లేకపోతే బాటవి. ఇద్దరినీ కూర్చోబెట్టి నచ్చజెప్పి చాయ్ తాగించి పంపేవాళ్లం, రెండు సీజన్లు గడిస్తే అదే ఇద్దరు మళ్లీ వచ్చేవాళ్లు. ఎందుకు తిరిగి వస్తున్నారో చూస్తే దాదాపు ప్రతి చోటా కారణం ఒకటే. భూమి కొలత, మేం మోజణీ అంటాం, జరుగుతుంది, నక్షా చేతికి వస్తుంది, హద్దు రాయి మాత్రం నేలలో దిగదు.

మాది నల్ల రేగడి. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుకుంటుంది, వానలకు ఉబ్బుతుంది. నిజాం కాలంలో పాతిన రాళ్లు కొన్ని ఒరిగిపోయాయి, కొన్ని కూరుకుపోయాయి, కొన్నింటిని దున్నేటప్పుడు అడ్డమొస్తున్నాయని పీకి పక్కన పడేశారు, కొన్ని ఎవరెవరి ఇళ్ల పునాదుల్లోనో ఉన్నాయి. ఎడ్ల నాగలి ఉన్న రోజుల్లో గెట్టు వెడల్పుగా ఉండేది, దాని మీద వేప, తుమ్మ, పశువులకు గడ్డి, మనుషులు నడిచే తొవ్వ కూడా అదే. రోటావేటర్ వచ్చాక గెట్టు సన్నబడింది. ట్రాక్టర్ డ్రైవర్‌ది గంట లెక్కన కిరాయి, అతనికి ఈ గెట్టు ఎవరిదో ఆ గెట్టు ఎవరిదో ఏం తెలుస్తుంది, యజమాని పక్కన నిలబడి ఇంకో సాలు లాగమంటే లాగుతాడు. అట్లా ఏటా జానెడు పోతుంది. జానెడే కదా అని పక్కాయన ఊరుకుంటాడు, లేదా కూలి పని మీద నిజామాబాద్‌కో హైదరాబాద్‌కో పోయి ఉంటాడు, వచ్చేసరికి గెట్టు మీది వేపచెట్టు పక్కోళ్ల చేన్లో ఉంటుంది. రెండు వందల మీటర్ల పొడుగు గెట్టు అర మీటరు జరిగితే వంద చదరపు మీటర్లు, అంటే ఇంచుమించు ఒక గుంట. నాలుగెకరాలున్నవాడు దాన్ని ఓర్చుకుంటాడేమో, ఎకరంన్నర ఉన్నవాడికి అది కడుపుమంట.

గొడవ మొదలైందంటే అందరూ ముందు తీసేది సాత్‌బారా, అంటే 7/12 అనే భూమి రికార్డు. "నాకు సాత్‌బారా మీద ఒక హెక్టారు ఇరవై ఆర్ (ఆర్ అంటే వంద చదరపు మీటర్లు) ఉంది, టేపు పెట్టి కొలిస్తే పద్ధెనిమిదే వస్తున్నది, ఆ రెండు ఆర్ నువ్వే కలుపుకున్నవు చిన్నాయనా" అని ఒకరు, "నాది నాకే తక్కువ వస్తుంటే నీది ఎట్ల కలుపుకుంట" అని ఇంకొకరు. ఊళ్లో పెద్దమనుషులు కూడా ఆ కాగితం పట్టుకునే తీర్పు చెప్పేస్తారు. కానీ సాత్‌బారాలో ఉండేది గ్రామ నమూనా 7, నమూనా 12. ఏడులో భూమి ఎవరి పేరు మీద ఎంత ఉందో ఉంటుంది, పన్నెండులో ఏ పంట వేశారో ఉంటుంది. గీత ఎక్కడ పోతుందో ఆ రెండింట్లోనూ ఉండదు. పైగా అది పన్ను వసూలు కోసం పెట్టుకున్న రికార్డు అని, పేరు ఎక్కినంత మాత్రాన దానితో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. గీత కావాలంటే నక్షా చూడాలి, పాత కొలతల టిప్పన్ చూడాలి, అవి ఊరి రెవెన్యూ ఉద్యోగి తలాఠీ దగ్గర ఉండవు, తాలూకా భూమి అభిలేఖ ఆఫీసులో ఉంటాయి, మేం మోజణీ ఆఫీసు అంటాం. తక్కువ వచ్చిన రెండు ఆర్ తూర్పు గెట్టున పోయిందా, పడమర గెట్టున పోయిందా, అసలు మీ బాపు వాళ్లు పంచుకున్న రోజే ఎక్కువ తక్కువ అయిందా అనేది అక్కడ తేలాల్సిందే.

పంపకాల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. అన్నదమ్ములు నోటి మాట మీద పంచుకుని, సాత్‌బారాలో పేర్లు మాత్రం విడగొట్టించుకుని, నక్షాలో ఇంకా ఒకే సర్వే నంబరుగా ఉన్న భూములు మా దగ్గర ఊరికి ఎన్నో ఉన్నాయి. అట్లాంటి చోట ఇద్దరన్నదమ్ముల మధ్య హద్దు ఇదీ అని చూపించడానికి సర్కారు దగ్గర గీతే లేదు. ముందు పోట్‌హిస్సా (పంచుకున్న ముక్కల) మోజణీ చేయించుకుని ఎవరి ముక్క వాళ్లకు నక్షాలో ఎక్కాలి, ఆ తర్వాతే గెట్టు మాట. తండ్రులు బతికుండగా ఒక పూట కూర్చుంటే అయిపోయే ఆ పని కొడుకుల మీద, మనుమల మీద పడుతోంది. 1956కు ముందు మా ఊళ్లన్నీ హైదరాబాద్ రాష్ట్రంలోవి, తాతల నాటి కాగితాలు ఉర్దూలో ఉంటాయి, వాటిని చదివి చెప్పేవాళ్లు ఇప్పుడు ఊళ్లో దొరకరు.

ఇక మోజణీ. అర్జీ పెట్టి ఫీజు కడితే తారీఖు ఇస్తారు, చుట్టూ గెట్టు ఉన్నవాళ్లకు నోటీసులు పోతాయి, ఆ రోజు మోజణీదారు వచ్చి కొలుస్తాడు. ఇదివరకు గొలుసులు, బల్ల పెట్టి కొలిచేవాళ్లు, ఇప్పుడు ఉపగ్రహం సాయంతో కొలిచే రోవర్ మెషీన్ వచ్చింది, కొలత మెరుగైంది, ఆ మాట ఒప్పుకోవాలి. గుర్తులు చూపిస్తాడు, తర్వాత క ప్రతి అనే నక్షా వస్తుంది. ఒప్పుకోనివాళ్లు పై అధికారితో నిమ్‌తానా, అంటే మళ్లీ కొలిచే మోజణీ అడగవచ్చు, దాని మీద జిల్లా స్థాయిలో సూపర్ నిమ్‌తానా కూడా ఉంది. ఇంతవరకు దారి బాగానే ఉంది. చిక్కంతా గుర్తులు చూపించిన రోజు సాయంత్రం మొదలవుతుంది.

సరిహద్దు ఊళ్లలో ఒకామె సంగతి చెప్తాను, ఊరి పేరు రాయను. భర్త పోయాడు, రెండెకరాలు, పక్క భూమి భర్త తరఫు దాయాదులది. గెట్టు ఏటా ఆమె చేన్లోకి జరుగుతుంటే అడిగి అడిగి విసిగి, అప్పు చేసి మోజణీకి కట్టింది. మోజణీదారు వచ్చాడు, కొలిచాడు, ఆమె భూమి అవతలి వాళ్ల సోయాబీన్‌లో ఉందని తేలింది, సున్నం పోసి కట్టె మేకులు కొట్టి చూపించాడు. రాళ్లు మీరు పాతుకోండి అని చెప్పి పోయాడు. ఆమె రాళ్లు తెప్పించి మనుషులను పిలిచేసరికి అవతలి వాళ్లు అడ్డం నిలబడ్డారు, మాకు కొలత ఒప్పుదల కాదు, మా పంట తీసేదాకా ఆగు అని. నాలుగు వానలు పడ్డాయి, సున్నం పోయింది, మేకులు ఎవరు పీకారో తెలియదు. తహసీల్ ఆఫీసుకు పోతే మోజణీ ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడికి పోతే కొలిచి చూపించడమే మా పని, కబ్జా (భూమి స్వాధీనం) ఇప్పించడం మా పని కాదు అన్నారు, పోలీసుల దగ్గరికి పోతే ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పో అన్నారు. మూడు చోట్ల చెప్పింది ఎవరి వరకు వాళ్లకు నిజమే కావచ్చు. ఆమె చేతిలో సర్కారు ముద్ర వేసిన నక్షా ఉంది, ఆమె భూమిలో పక్కవాళ్ల పంట ఉంది.

ఆమెను అడ్డుకున్నవాళ్లను నేను వెనకేసుకు రావడం లేదు. కానీ ఆ రోజు మోజణీదారు నిలబడి, ఇద్దరి ఎదుట, సర్పంచ్‌నో పోలీస్ పాటిల్‌నో పక్కన పెట్టుకుని రాళ్లు పాతించి పంచనామా రాసి ఉంటే కథ వేరే ఉండేది. ఎందుకో చెప్తాను, చాలామందికి తెలియని సంగతి ఇది. ప్రభుత్వ అధికారి హోదాలో పాతించిన హద్దు గుర్తును పీకినా జరిపినా భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షన్ కింద నేరం, ఏడాది దాకా జైలు పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో 434వ సెక్షన్‌గా ఉన్నదే ఇది. మనంతట మనం పాతుకున్న రాయికి ఆ రక్షణ లేదు, దాన్ని పీకితే నువ్వే మా భూమిలో పాతావు అని ఎదురు కేసు పెడతారు. రాయి అదే, పాతిన చెయ్యి మారితే దాని బలం మారిపోతుంది. అట్లాంటప్పుడు రాళ్లు మీరే పాతుకోండి అని చెప్పి జీపు ఎక్కి పోవడం ఏం న్యాయం?

చట్టంలో అధికారం లేదా అంటే ఉంది. మహారాష్ట్ర భూ రెవెన్యూ కోడ్, 1966లో హద్దుల మీద 132 నుంచి 145 దాకా సెక్షన్లు ఉన్నాయి. హద్దు గుర్తులు కట్టించమని, బాగు చేయించమని భూమి ఉన్నవాళ్లను ఆదేశించవచ్చు, చేయకపోతే అధికారులే చేయించి ఖర్చు వసూలు చేయవచ్చు. గుర్తులను మంచిగా కాపాడుకునే బాధ్యత రైతుదే అని కూడా అక్కడే ఉంది, గుర్తులు చెరిపితే జరిమానా ఉంది. హద్దు తగాదా అధికారికంగా తేలాక, తనది కాని ముక్కలో కూర్చున్నవాణ్ని అక్కడి నుంచి ఖాళీ చేయించే అధికారం 138వ సెక్షన్ కింద కలెక్టర్‌కు ఉంది. ఇవి చదివి చెప్పేవాళ్లు లేక జనం నేరుగా వకీలు దగ్గరికి పోతున్నారు, పోయినవాళ్ల కేసులు వాళ్ల పిల్లల పెళ్లిళ్లు అయ్యేదాకా నడుస్తున్నాయి.

గడువుల గురించి కూడా రాయాలి, ఎందుకంటే మంచివాళ్లు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. ఈ పంట పోనీ, వచ్చే పంటకు మాట్లాడదాం అని ఆగుతారు. బలవంతంగా భూమిలోంచి వెళ్లగొట్టినప్పుడు, యాజమాన్యం జోలికి పోకుండా కబ్జా మాత్రం తిరిగి ఇప్పించమని 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద కోర్టును అడగాలంటే 6 నెలల లోపే. బాటకు ఎవరైనా అడ్డం కట్టినా, వాన నీళ్లు సహజంగా పోయే దారి మూసి మన చేను ముంచినా 1906 నాటి మామ్లత్‌దార్ కోర్టుల చట్టం 5వ సెక్షన్ కింద తహసీల్దార్ తీయించగలడు, దానికీ 6 నెలలే. యాజమాన్యం మీద దావా వేయడానికి వేరే గడువులు ఉన్నాయి, కానీ అవతలివాడు బహిరంగంగా, నాదే అంటూ 12 ఏళ్లు అనుభవించాడని కోర్టులో రుజువు చేసుకుంటే అసలు హక్కే పోయే ప్రమాదం ఉంది. పట్నాలకు వలసపోయినవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుని ఏడాదికి ఒకసారైనా వచ్చి గెట్టు వెంట నడవాలి, వీలైతే ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకోవాలి.

బాట పంచాయితీ గెట్టు పంచాయితీకి తోడబుట్టినది. లోపలి చేన్లకు పోవడానికి తాతల నాటి నుంచి నడిచిన తొవ్వను ఒక రోజు పొద్దున ముళ్లకంప వేసి మూసేస్తారు. పత్తి కోతకు వచ్చి ఉంటుంది, బండి పోదు, ట్రాక్టర్ పోదు, ఆడవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని మోయాలి. మూసినాయన మాట కూడా వినాలి, ఇదివరకు ఎడ్లబండి పోయే తొవ్వలో ఇప్పుడు పెద్ద హార్వెస్టర్ పోతానంటే ఆయన పంట రెండు దిక్కులా నలిగిపోతోంది. ఇట్లాంటి దానికి రెవెన్యూ కోడ్ 143వ సెక్షన్ ఉంది, సర్వే నంబర్ల గెట్ల వెంబడి దారి హక్కును తహసీల్దార్ విచారించి తేల్చవచ్చు. ఎవరి నడి చేన్లోంచో కాకుండా గెట్టు వెంబడి, ఇద్దరి వైపు కొంత కొంత తీసుకుని ఇవ్వడం ఇందులో పద్ధతి. 2025లో రెవెన్యూ శాఖ ఈ పొలం బాటలను 3 నుంచి 4 మీటర్ల వెడల్పుతో ఇవ్వాలని, సాత్‌బారాలోని ఇతర హక్కుల గడిలో రాయాలని ఆదేశాలు ఇచ్చింది. ఇది మంచి పని. బాట మీద ఒకసారి ఉత్తర్వు తెచ్చుకున్నవాళ్లు అది సాత్‌బారాలో ఎక్కిందో లేదో తప్పకుండా చూసుకోవాలి, ఎక్కకపోతే భూమి చేతులు మారిన రోజు కొత్తాయన నాకేం తెలుసు అంటాడు.

పశువుల సంగతి కొద్దిగా. పక్కోళ్ల బర్రె చేన్లో పడితే కొట్టి కాలు విరగ్గొట్టడం, పురుగుమందు కొట్టిన గడ్డి వేయడం జరుగుతున్నాయి. మూగ జీవాల మీద ఈ పగ ఏంటి? 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ఇప్పటికీ ఉంది, పంట పాడు చేస్తున్న పశువును పట్టి 24 గంటల లోపు బందెలదొడ్డికి, మా దగ్గర కోండ్‌వాడా అంటారు, పంపే హక్కు రైతుకు ఉంది. కానీ చాలా ఊళ్లలో కోండ్‌వాడా గోడలు కూలి చెత్త కుప్పలు అయ్యాయి. గ్రామపంచాయితీలు వాటిని బాగు చేస్తే సగం కొట్లాటలు తగ్గుతాయి. ఇంకొకటి, పందుల కోసమని గెట్టు తీగకు కరెంటు పెట్టేవాళ్లు అది మనిషిని చంపుతుందని తెలిసే పెడుతున్నారు. రాత్రి నీళ్లు కట్టడానికి పోయే పక్క రైతు కాలు ఆ తీగకు తగలదని హామీ ఎవరిస్తారు?

ఇప్పుడు భాష. మోజణీ నోటీసు మరాఠీలో వస్తుంది, మరాఠీ రాష్ట్ర భాష కాబట్టి అందులో తప్పు పట్టడం లేదు. కానీ మా ఊళ్లలో అరవై దాటినవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, మరాఠీ మాట్లాడినా చదవలేరు. నోటీసు తెచ్చినతను వేలిముద్ర వేయించుకుని పోతాడు, ఏ తారీఖు కొలత ఉందో ఇంట్లో ఎవరికీ తెలియదు, ఆ రోజు చేను దగ్గర ఉండరు, తర్వాత మాకు తెలియకుండా కొలిచారు అని గొడవ. పంచనామా మీద సంతకం కూడా అంతే, ఏం రాశారో వినకుండానే వేలు పెడతారు. బాధ చెప్పుకుంటూ రాసే అర్జీని కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చే హక్కు రాజ్యాంగం 350వ అధికరణ కింద పౌరుడికి ఉంది, కాబట్టి తెలుగులో అర్జీ రాస్తే తీసుకోం అనకూడదు. నోటీసును తెలుగులో అచ్చు వేయమని పట్టుబట్టడం లేదు. ఇచ్చేటప్పుడు తారీఖు, గట్ నంబరు (భూమి నంబరు), ఎవరు అర్జీ పెట్టారు అనే మూడు ముక్కలు తెలుగులో నోటితో చెప్పి, చెప్పినట్టు రాసుకుంటే చాలు. సరిహద్దు తాలూకాల్లో తెలుగు వచ్చిన కోత్వాళ్లు (ఊరి రెవెన్యూ సేవకులు), తలాఠీలు ఉన్నారు, వాళ్లకు ఇది పెద్ద భారం కాదు.

ఏళ్ల కింద ఒకరి భూమి ఒకరు సాగు చేసుకుంటూ వచ్చి, ఇప్పుడు కాగితం ఒక దిక్కు, కబ్జా ఒక దిక్కు ఉన్నవాళ్లకు 2023 జనవరిలో వచ్చిన సలోఖా పథకం గురించి తెలియాలి. ఇద్దరూ కనీసం 12 ఏళ్లుగా ఒకరి భూమి ఒకరు సాగు చేస్తూ ఉంటే, ఇద్దరి ఒప్పుదలతో మార్పిడి చేసుకుని కాగితం సరిచేసుకోవడానికి స్టాంపు డ్యూటీ 1000 రూపాయలు, రిజిస్ట్రేషన్ ఫీజు 1000 రూపాయలు మాత్రమే పెట్టారు. ఇది గడువు పెట్టి తెచ్చిన పథకం, తలాఠీని అడిగి ఇప్పుడు ఎంతవరకు నడుస్తోందో కనుక్కోండి. రాజీ కుదిరినవాళ్లు కూడా తెల్ల కాగితం మీద రాసుకుని ఊరుకోవద్దు. లోక్ అదాలత్‌లో పెట్టించుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలు సాయం ఉచితం, తాలూకా న్యాయ సేవల సమితిలో అడగాలి. మా సమితిలో కుదిర్చిన రాజీలను మేం లోక్ అదాలత్ దాకా నడిపించి ఉంటే చాలా వరకు నిలబడేవని ఇప్పటికీ అనుకుంటాను.

పక్క పక్క రైతులకు నేను అడిగేది ఒకటి. కోపం వచ్చాక ఒక్కరే అర్జీ పెడితే అవతలివాడికి అది దాడిలా కనిపిస్తుంది, మోజణీదారుకు డబ్బు ఇచ్చి కొలిపించాడు అంటాడు. మాటలు నడుస్తున్నప్పుడే ఇద్దరూ కలిసి అర్జీ పెట్టండి, ఫీజు సగం సగం వేసుకోండి, రాళ్లు ముందే తెప్పించి గెట్టు మీద పెట్టుకోండి, కొలత అయిన పూటే పాతండి. రబీ పంట తీశాక వేసవిలో చేను ఖాళీగా ఉన్నప్పుడు కొలిపించుకోవాలి, అందరూ అప్పుడే అర్జీలు పెడతారు కాబట్టి తారీఖులు వానాకాలంలోకి జరుగుతాయి, అందుకే దీపావళి కాగానే అర్జీ పెట్టడం మంచిది. రేగడిలో రాయి ఒరగకుండా లోతుగా గుంత తీసి కింద కంకర, సిమెంటు వేయించండి. ఆ ఖర్చు వకీలు మొదటి ఫీజు కన్నా తక్కువే అవుతుంది.

అధికారులకు నా విన్నపం: హద్దు తేలిన ప్రతి మోజణీలో రాళ్లు పాతించడం ఆ రోజు పనిలో భాగం చేయండి. రాయి పాతిన ఫోటో, దాని కొలతలు క ప్రతితో జత చేయండి. అడ్డుకున్నవాళ్ల పేరు, వాళ్లు చెప్పిన కారణం పంచనామాలో రాసి, మోజణీ ఆఫీసే ఆ కాగితాన్ని తహసీల్దార్‌కు పంపాలి, ఆ వితంతువు లాంటి మనిషి మూడు ఆఫీసుల చుట్టూ తిరిగి మోసుకుపోయే పని ఉండకూడదు. తంటాముక్తి సమితులు చాలా ఊళ్లలో ఇప్పుడు బోర్డుకే మిగిలాయి, వాటిని మళ్లీ కూర్చోబెట్టి, కొలత రోజు సమితి సభ్యులు చేను దగ్గర ఉండేలా చూడండి.

మీకూ ఒక విన్నపం ఉంది. మీ పత్రిక మా వైపు ఊళ్లకు కూడా వస్తుంది, చాయ్ హోటళ్లలో పది మంది చదువుతారు. వేసవి మోజణీలు మొదలయ్యే లోపు ఒక మోజణీ నోటీసు, ఒక క ప్రతి తీసుకుని, వాటిలో ఏ గడిలో ఏం రాస్తారో తెలుగులో వివరంగా అచ్చు వేయండి. నమూనా కాగితాలు కావాలంటే నా దగ్గర ఉన్నవి పంపుతాను.

ఇట్లు,
ఒక రైతు,
నాందేడ్ జిల్లా సరిహద్దు గ్రామం, మహారాష్ట్ర